నిమ్మ కుకీలో పులుపు ఎటు పోతోంది? పైపూత ఎందుకు ఆరడం లేదు?

సంక్షిప్తంగా: నిమ్మకాయలో వాసన తొక్కలో ఉంటుంది, పులుపు రసంలో ఉంటుంది. ఓవెన్ వేడికి ఈ రెండూ ఒకే తీరుగా స్పందించవు. అందుకే పిండిముద్దకు తొక్క తురుము, పైపూతకు రసం అని పంచుకుంటే ఫ్రాస్టెడ్ లెమన్ కుకీకి, అంటే పైపూత వేసిన నిమ్మ కుకీకి, నిండైన రుచి వస్తుంది. పిండిలో రసం పెంచితే పులుపు కంటే చిక్కులే ఎక్కువ పెరుగుతాయి. పూత గట్టిపడుతుందా లేదా అన్నది పంచదారకూ నీటికీ మధ్య ఉన్న లెక్క.

ఇంట్లో తొలిసారి లెమన్ కుకీలు చేసినవాళ్లలో చాలామందికి ఎదురయ్యే అనుభవం ఇది. ట్రే ఓవెన్‌లో ఉన్నంతసేపూ ఇల్లంతా నిమ్మ వాసన గుబాళిస్తుంది. తీరా చల్లారాక కొరికి చూస్తే మామూలు తీపి బిస్కెట్టు. రెండోసారి రసం రెట్టింపు పోస్తారు. పిండి జారవుతుంది, కుకీలు ట్రేలో పరుచుకుని ఒకదానికొకటి అంటుకుంటాయి, పులుపు మాత్రం ఆశించినంత రాదు. ఆ లోటు తీర్చడానికి ఐసింగ్‌లో ఇంకాస్త రసం కలుపుతారు. అది రాత్రికి కూడా ఆరదు.

చదివే కొలతలు ఈ గందరగోళాన్ని పెంచుతున్నాయి. ఒక పద్ధతిలో బేకింగ్ సోడా ఉంటుంది, ఇంకో దాంట్లో బేకింగ్ పౌడర్. ఒకరు రసమే చాలంటారు, ఒకరు తురుము తప్పనిసరి అంటారు. దేనికి కారణమేమిటో చెప్పేవాళ్లు తక్కువ. కారణం తెలిస్తే ఏ కొలతను నమ్మొచ్చో, దేన్ని మార్చుకోవచ్చో చదవగానే తేలిపోతుంది.

## ఒకే కాయ, రెండు సరుకులు

తాజా నిమ్మ తొక్క ముక్కను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, పసుపు వైపు బయటికి ఉండేలా మధ్యకు మడిస్తే సన్నటి తుంపర చిమ్ముతుంది. అదే నిమ్మ నూనె. పసుపు పొరలో కంటికి చుక్కల్లా కనిపించే సంచుల్లో అది నిల్వ ఉంటుంది. అందులో అధిక భాగం లిమోనీన్ అనే పదార్థం. అయితే లిమోనీన్ నారింజ జాతి పండ్ల తొక్కలన్నిటిలోనూ ఉంటుంది. నిమ్మను నిమ్మగా గుర్తుపట్టేలా చేసేది సిట్రాల్. అది నూనెలో కొద్ది శాతమే ఉన్నా ముక్కు మొదట పట్టుకునేది దాన్నే.

రసం సంగతి వేరు. అందులో 90 శాతానికి పైగా నీరే. 5 నుంచి 6 శాతం వరకు సిట్రిక్ ఆమ్లం. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ విల్హెల్మ్ షీలే 1784లో ఈ ఆమ్లాన్ని తొలిసారి వేరు చేసింది కూడా నిమ్మరసం నుంచే. కాయ పిండేటప్పుడు తొక్క నలిగి కొంత నూనె రసంలో పడుతుంది కాబట్టి తాజా రసానికి మంచి వాసన ఉంటుంది. సీసా రసంలో పులుపు సరిగానే ఉన్నా ఆ తాజా వాసన కనిపించదు. సిట్రాల్ ఆమ్లంలో, గాలిలో, వెలుతురులో నిలవలేని పదార్థం. రోజులు గడిచేకొద్దీ విరిగిపోయి మరో ఘాటు వాసనకు దారి తీస్తుంది.

ఈ రెంటి మధ్య తెల్లటి పొర ఒకటుంది. అందులో చేదు తప్ప కుకీకి పనికొచ్చేదేమీ లేదు. తురిమేటప్పుడు కాయను ఒకేచోట రెండుసార్లు రుద్దకుండా, పసుపు పోగానే తిప్పుకుంటూ పోవాలని చెప్పేది ఇందుకే. ఒక మాదిరి కాయకు సుమారు ఒక టేబుల్ స్పూన్ తురుము, రెండు మూడు టేబుల్ స్పూన్ల రసం వస్తాయి. పిండాక మెత్తబడిన కాయను తురమడం కష్టం. కాబట్టి తురుము ముందు, రసం తర్వాత.

ఇక్కడ మాట వల్ల వచ్చే తికమక ఒకటుంది. తెలుగులో నిమ్మ అన్న మాట లెమన్‌కూ లైమ్‌కూ రెంటికీ చెల్లుతుంది. లెమన్ అనేది మాదీఫలానికీ పుల్ల నారింజకూ పుట్టిన సంకరమని జన్యు పరిశోధనలు తేల్చాయి. దాని తొక్క మందం, తురుము ధారాళంగా వస్తుంది. చిన్న గుండ్రటి లైమ్ తొక్క పల్చన, వాసన వేరు. రసం విషయంలో ఒకదాని బదులు ఒకటి వాడినా పెద్ద తేడా రాదు. తురుము మారితే మాత్రం కుకీ రుచే మారిపోతుంది. అది తప్పేమీ కాదు, లెమన్ కుకీ అనుకుంటూ తింటే తేడా తెలుస్తుంది, అంతే.

## వాసన ఎగిరిపోతుంది, పులుపు ఎగిరిపోదు

వేడికి పులుపు చచ్చిపోతుందన్న మాట తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు. సిట్రిక్ ఆమ్లం ఆవిరయ్యే రకం పదార్థం కాదు. సుమారు 175 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని విరగదు. ఓవెన్ ఆ వేడిలో ఉన్నా, తడి ఉన్నంతసేపూ కుకీ లోపలి భాగం 100 డిగ్రీలను పెద్దగా దాటదు. అంటే పిండిలో వేసిన పులుపు చాలావరకు పిండిలోనే ఉంటుంది.

పోయేది వాసన. లిమోనీన్ మరిగే వేడి 176 డిగ్రీలు, సిట్రాల్‌ది 229 డిగ్రీలు. లోపల 100 డిగ్రీలే ఉంటే ఇవి ఎలా పోతున్నాయన్న ప్రశ్న సహజం. నూనె మరగనక్కర్లేదు. పిండిలోని నీరు ఆవిరై బయటికి పోతూ దాన్ని వెంట తీసుకుపోతుంది. పూలు, ఆకుల నుంచి అత్తరు నూనెలు తీసేవాళ్లు ఆవిరిని వాడేది ఈ సూత్రం మీదే. ఇల్లంతా నిమ్మ వాసన నిండిందంటే, ఆ వాసన కుకీని వదిలి వచ్చిందన్నమాట.

మరి పులుపు ఎందుకు తెలియడం లేదు? దీనికి మూడు కారణాలున్నాయి.

మొదటిది పలచబడటం. 250 గ్రాముల మైదా, 150 గ్రాముల పంచదార, 115 గ్రాముల వెన్న, ఒక గుడ్డు, ఒక టేబుల్ స్పూన్ రసం కలిపితే ముద్ద బరువు 580 గ్రాముల దాకా వస్తుంది. అందులో ఆమ్లం ముప్పాతిక గ్రాము. నూటికి 0.13 వంతు. అదే రసాన్ని రెండు టేబుల్ స్పూన్లు తీసుకుని 120 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో (మెత్తటి పంచదార పొడిలో) కలిపితే 150 గ్రాముల పూతలో ఒకటిన్నర గ్రాముల ఆమ్లం ఉంటుంది. అంటే ఒక శాతం. నాలుకకు తగిలే పులుపు గాఢత ఏడెనిమిది రెట్లు.

రెండోది తీపి. పంచదార పులుపును కప్పేస్తుంది. కుకీ ముద్దలో ఆమ్లం కంటే పంచదార 200 రెట్లు ఉన్నప్పుడు నాలుకకు పులుపు జాడ దొరకడం కష్టం.

మూడోదే ఎక్కువమంది గమనించనిది: బేకింగ్ సోడా. సోడా క్షారం, రసం ఆమ్లం. రెండూ కలిస్తే బుడగలు వస్తాయి, పులుపు పోతుంది. ఒక గ్రాము సిట్రిక్ ఆమ్లాన్ని పూర్తిగా తటస్థం చేయడానికి సుమారు 1.3 గ్రాముల సోడా చాలు. ఈ లెక్కన టేబుల్ స్పూన్ రసంలోని ముప్పాతిక గ్రాముకు ఒక గ్రాము సోడా సరిపోతుంది. అది పావు టీస్పూన్ కంటే కాస్త తక్కువే. పద్ధతిలో అర టీస్పూన్ సోడా ఉందంటే, పిండిలో పోసిన రసమంతా పులుపు కోల్పోవడమే కాకుండా ఇంకా సోడా మిగిలిపోతుంది. కొన్ని లెమన్ కుకీల్లో చివర నాలుకకు తగిలే సబ్బులాంటి రుచి ఆ మిగులు సోడాదే.

బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు దానికి సరిపడా ఆమ్లం కూడా పొడి రూపంలో ముందే కలిపి ఉంటుంది. అందుకని అది రసంలోని పులుపు జోలికి అంతగా రాదు. 1843లో ఇంగ్లండ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ ఇలాంటి పొడిని తయారు చేశాక, సోడా పని చేయాలంటే విడిగా పుల్లటి పదార్థం వెతుక్కోవలసిన అవసరం తగ్గింది. నిమ్మ రుచే ముఖ్యమైన కుకీలో సోడా కంటే బేకింగ్ పౌడర్ మేలని ఈ లెక్క చెబుతోంది. పై కొలతకు ఒక టీస్పూన్ చాలు.

## తురుమును పంచదారతో నలపడం

ఆవిరి వాసనను ఎత్తుకుపోకుండా ఆపడం పూర్తిగా సాధ్యం కాదు గానీ చాలావరకు తగ్గించవచ్చు. నిమ్మ నూనె నీటిలో కలవదు, కొవ్వులో ఇట్టే కరుగుతుంది. పిండిలో ఉన్న వెన్నలో అది కలిసిపోతే బయటికి పోవడం నెమ్మదిస్తుంది. చిక్కేమిటంటే, తురుమును నేరుగా పిండిలో వేస్తే నూనె సంచులు చాలావరకు పగలకుండా అలాగే ఉండిపోతాయి.

అందుకే వెన్న కలపడానికి ముందు తురుమును పంచదారలో వేసి వేళ్ల కొసలతో నలుపుతారు. పంచదార పలుకుల అంచులు తురుమును కోస్తాయి. ఒకటి రెండు నిమిషాల్లో తెల్లటి పంచదార లేత పసుపుకు తిరుగుతుంది, పట్టుకుంటే తడి ఇసుకలా చేతికి అంటుతుంది, వాసన ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఈ దశలోనే వెన్న వేసి గిలకొడితే, వెలికివచ్చిన నూనె వెన్నలోకి చేరుతుంది. ఖర్చు లేని ఈ రెండు నిమిషాల పని, రసం రెట్టింపు పోయడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. కుకీల రుచికి సంబంధించి ఒక్క సలహా మాత్రమే పాటించగలిగితే, పాటించదగింది ఇదే.

## కుకీ ఎందుకు పరుచుకుంటుంది

ఓవెన్‌లో రెండు పనుల మధ్య పోటీ నడుస్తుంది. ఒకవైపు వెన్న కరిగి ముద్దను జార్చుతుంది. మరోవైపు గుడ్డు, పిండి గట్టిపడి ఆకారాన్ని నిలబెడతాయి. వెన్న 32 నుంచి 35 డిగ్రీలకే కరుగుతుంది. గుడ్డు బిగుసుకోవడం మొదలయ్యేది 60 డిగ్రీలు దాటాకే. పంచదార ఎక్కువైతే అదీ ఆలస్యమవుతుంది. ఈ రెండు వేడిమిల మధ్య గడిచే సమయం ఎంత ఎక్కువైతే కుకీ అంత పరుచుకుంటుంది.

అదనపు రసం చేసే హాని ఇక్కడే అర్థమవుతుంది. గది వేడిలో ఒక గ్రాము నీరు సుమారు రెండు గ్రాముల పంచదారను కరిగించుకోగలదు. ముద్దలో మరో రెండు టేబుల్ స్పూన్ల రసం పోస్తే, పలుకుగా ఉండాల్సిన పంచదారలో 50 గ్రాములకు పైగా పాకంగా మారే వీలుంది. ఆ పాకం ముద్దను జారు చేస్తుంది. జారుతోంది కదా అని మైదా కలుపుతూ పోతే కుకీ బిరుసెక్కుతుంది, నిమ్మ రుచి ఇంకా పలచబడుతుంది. ఒక తప్పును దిద్దబోయి ఇంకోటి చేసినట్టవుతుంది.

వెన్న స్థితి కూడా ముఖ్యమే. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి జిడ్డు మెరవకూడదు. 18 నుంచి 20 డిగ్రీల మధ్య వెన్న ఇలా ఉంటుంది. అప్పుడే పంచదార పలుకులు వెన్నలో సన్నటి గాలి గదులు తవ్వగలవు. బేకింగ్ పౌడర్ కొత్త బుడగలను పుట్టించదు, ఈ గదులనే పెద్దవి చేస్తుంది. వెన్న కరిగిపోయి ఉంటే గదులుండవు, కుకీ పొంగదు. గది వెచ్చగా ఉన్న రోజున ముద్దను అరగంట నుంచి గంట సేపు ఫ్రిజ్‌లో పెట్టమనడానికి కారణమూ ఇదే. చల్లారిన వెన్న కరగడానికి సమయం తీసుకుంటుంది, ఆలోగా అంచులు బిగుసుకుంటాయి. మొదటి వాయి తీసిన వేడి ట్రే మీదే రెండో వాయి ముద్దలు పెడితే ఈ శ్రమంతా వృథా. ఓవెన్‌లోకి వెళ్లకముందే అడుగున వెన్న కరగడం మొదలవుతుంది.

మైదాను కప్పుతో కొలిచేవాళ్లకు మరో చిక్కుంది. వదులుగా నింపిన కప్పులో 120 గ్రాములు, డబ్బాలో ముంచి తీసిన కప్పులో 150 గ్రాములు పడతాయి. రెండు కప్పులకు 60 గ్రాముల తేడా. ఒకే పద్ధతి ఒకరికి పరుచుకుపోయి, మరొకరికి ఉండలా మిగిలిపోవడానికి చాలాసార్లు ఇదే మూలం. చిన్న తూకం యంత్రం ఉంటే ఈ సమస్య ఉండదు.

## రంగు కోసం ఎదురుచూస్తే ఎండిపోతుంది

కాల్చిన పదార్థాలకు బంగారు రంగు ఇచ్చేది ప్రధానంగా మాంసకృత్తులకూ చక్కెరలకూ మధ్య జరిగే మార్పు. 1912లో దాన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ పేరు మీదే అది ప్రసిద్ధం. ఈ మార్పు క్షార గుణంలో వేగంగా, ఆమ్ల గుణంలో మెల్లగా సాగుతుంది. సోడా పడ్డ కుకీ త్వరగా ఎర్రబడటానికీ, నిమ్మరసం పడ్డది లేతగా ఉండిపోవడానికీ కారణం అదే.

దీని ఫలితం ఆచరణలో పెద్దది. మామూలు కుకీలకు అలవాటుపడినవాళ్లు రంగు వచ్చేదాకా ఆగుతారు. నిమ్మ కుకీకి ఆ రంగు వచ్చేసరికి లోపల తడి ఆరిపోతుంది, మిగిలిన వాసనా పోతుంది. 175 నుంచి 180 డిగ్రీల వేడిలో మాదిరి సైజు కుకీకి 10 నుంచి 12 నిమిషాలు సరిపోతాయి. అంచు అడుగున సన్నటి గోధుమ గీత, పైన మెరుపు తగ్గి మసకబారడం, ఇవి రెండే గుర్తులు. నడుమ ఇంకా మెత్తగానే ఉంటుంది. వేడి ట్రే మీద మరో ఐదు నిమిషాలు వదిలేస్తే అదీ బిగుసుకుంటుంది. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే వేడిని 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించుకోవాలి.

## పైపూత: లెక్కంతా నీటిదే

ఫ్రాస్టింగ్‌ను అలంకారంగా చూడటం అలవాటైంది. లెమన్ కుకీలో దాని పాత్ర అంతకంటే పెద్దది. ఓవెన్ తగలని నిమ్మరసానికి ఈ కుకీలో చోటున్నది పైపూతలోనే. ఏడెనిమిది రెట్ల పులుపు అక్కడే ఉంది. కాబట్టి పూత కుదరకపోతే కుకీ సగమే అయినట్టు.

అన్నిటికంటే సులువైనది గ్లేజ్: ఐసింగ్ షుగర్, నిమ్మరసం, అంతే. ఇందాకటి లెక్కే ఇక్కడా పని చేస్తుంది. రెండు టేబుల్ స్పూన్ల రసంలో ఉన్న నీరు సుమారు 27 గ్రాములు. అది 55 గ్రాముల దాకా పంచదారను కరిగిస్తుంది. 120 గ్రాముల్లో మిగిలిన 65 గ్రాములు కరగకుండా సన్నటి పలుకులుగా తేలుతుంటాయి. పూతకు చిక్కదనం, పాలలాంటి తెలుపు ఇచ్చేవి ఆ కరగని పలుకులే. రసం మూడు టేబుల్ స్పూన్లయితే కరగకుండా మిగిలేది 40 గ్రాములే. నాలుగైతే 120 గ్రాముల్లో 108 గ్రాములు కరిగిపోతాయి. ఇక అది పూత కాదు, పాకం. అద్దంలా మెరుస్తుంది, అంచుల నుంచి కారిపోతుంది, ఎంతసేపు ఉంచినా తెల్లబడదు.

ఆరడం అంటే ఏమిటో కూడా ఈ లెక్కే చెబుతుంది. పూతలోంచి నీరు గాలిలోకి పోతున్నకొద్దీ, కరిగి ఉన్న పంచదారకు నీరు చాలదు. పోయిన ప్రతి గ్రాము నీటికీ సుమారు రెండు గ్రాముల పంచదార తిరిగి పలుకుగా పేరుతుంది. అలా పేరిన పలుకులు పాత పలుకులను ఒకదానికొకటి అతికిస్తాయి. పైన పెళుసైన పొర ఏర్పడుతుంది. మామూలు గాలిలో పై పొర కట్టడానికి అరగంటో గంటో, లోపలిదాకా గట్టిపడటానికి కొన్ని గంటలో పడతాయి.

గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున ఈ పని ఆగిపోతుంది. తేమ 85 శాతం దాటితే పంచదార గాలికి నీరు ఇవ్వడం మాని, గాలి నుంచే నీరు తీసుకోవడం మొదలుపెడుతుంది. నిమ్మరసం కలిసిన పూతకు ఆ హద్దు ఇంకా తక్కువ, ఎందుకంటే పంచదార, సిట్రిక్ ఆమ్లం కలిసి ఉన్నప్పుడు విడివిడిగా పీల్చుకునే తేమస్థాయి కంటే ముందే పీల్చుకోవడం మొదలుపెడతాయి. పంచదార, నీళ్లతో చేసిన పూత ఆరిన చోటే నిమ్మ పూత ఇంకా వేలికి అంటుకోవడానికి కారణం చేసినవాళ్ల చేతకానితనం కాదు. వాన రోజున గ్లేజ్‌ను చిక్కగా కలిపి, పల్చటి పొరగా పూసి, ఫ్యాన్ గాలి తగిలేలా ఉంచడం తప్ప వేరే దారి లేదు.

పూత తయారీలో రసాన్ని ఒక్కసారిగా పోయకుండా ఒకటిన్నర టేబుల్ స్పూన్లతో మొదలుపెట్టి, తర్వాత టీస్పూన్ చొప్పున పెంచడం మంచిది. చెంచాతో ఎత్తి వదిలితే పట్టీలా జారి, గిన్నెలో దాని గీత పది సెకన్ల పాటు కనిపించాలి. అంతకుముందే కలిసిపోతే పల్చన. ఐసింగ్ షుగర్‌లో ఉండకట్టకుండా 3 నుంచి 5 శాతం మొక్కజొన్న పిండి కలుపుతారు. పూత బిగువుకు అదీ కొంత తోడ్పడుతుంది. ఇంట్లో మిక్సీ పట్టిన పంచదారలో అది ఉండదు, పొడి కూడా అంత సన్నగా రాదు. జల్లించి, చెంచాడు మొక్కజొన్న పిండి కలిపితే కొంత దగ్గరగా వస్తుంది, నాలుకకు కాస్త గరుకు తగలడం మాత్రం తప్పదు.

### వెన్న పూతలో పులుపు ఎందుకు తగ్గుతుంది

బటర్‌క్రీమ్ కోరేవాళ్లకు మరో లెక్క. 115 గ్రాముల వెన్నకు 240 గ్రాముల ఐసింగ్ షుగర్, ఒక టేబుల్ స్పూన్ రసం వేస్తే ఆమ్లం నూటికి 0.2 వంతు మాత్రమే. గ్లేజ్‌లో ఉన్నదానిలో ఐదో వంతు. పైగా కొవ్వు నాలుక మీద పొరలా పరుచుకుని పులుపును ఇంకా మెత్తబరుస్తుంది. రసం పెంచుదామంటే వెన్న ఒప్పుకోదు. వెన్నలో నీరు సన్నటి చుక్కలుగా చెదిరి ఉంటుంది, ఒక హద్దు దాటితే ఆ చుక్కలు కలిసిపోయి పూత విరిగిన పాలలా కనిపిస్తుంది. రసం చల్లగా ఉంటే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. విరిగితే పారేయనక్కర్లేదు. గిన్నె అడుగును కొద్దిగా వెచ్చచేసి మళ్లీ గిలకొడితే చాలావరకు కుదురుకుంటుంది.

ఇలాంటి పూతలో నీరు పెంచకుండా పులుపు పెంచే దారి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం పలుకులు. పావు టీస్పూన్ నిమ్మ ఉప్పు సుమారు 20 మిల్లీలీటర్ల రసంతో సమానమైన పులుపునిస్తుంది. దాన్ని ముందుగా ఉన్న రసంలోనే కరిగించి వేయాలి, లేకపోతే పళ్ల కింద పుల్లటి ఇసుకలా తగులుతుంది. వాసన కోసం అదే పూతలో అర టీస్పూన్ తురుము. వెన్న ఉంది కాబట్టి నూనె అందులో చక్కగా నిలుస్తుంది.

పాలు కలిపే పద్ధతులతో జాగ్రత్త అవసరం. పులుపును కొలిచే అంకె పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 దగ్గరికి దిగగానే పాలలోని మాంసకృత్తి విరుగుతుంది. నిమ్మరసం పీహెచ్ రెండు రెండున్నర. రెండూ ఒకే గ్లేజ్‌లో వేస్తే సన్నటి తరకలు తేలతాయి. క్రీమ్ చీజ్‌కు ఈ బాధ లేదు, అది ముందే పులిసి పేరుకున్నది. కాకపోతే అందులో నీరు ఎక్కువ, కాబట్టి ఆ పూత ఎప్పటికీ గట్టిపడదు, ఫ్రిజ్‌లోనే ఉంచాలి. పచ్చి గుడ్డు తెల్లసొనతో చేసే రాయల్ ఐసింగ్ రాయిలా బిగుసుకుంటుంది గానీ జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ముప్పు ఉంది. దాని బదులు మెరాంగ్ పౌడర్ (ఎండబెట్టిన తెల్లసొనతో చేసిన పొడి) వాడటమే క్షేమం.

## పూత వేసే వేళ

వేడి కుకీ మీద పూత పోస్తే రెండు నష్టాలు. వేడికి నీరు మరింత పంచదారను కరిగిస్తుంది. 20 డిగ్రీల దగ్గర రెండు గ్రాములు కరిగించే గ్రాము నీరు, మరిగే వేడి దగ్గర నాలుగున్నర గ్రాములకు పైగా కరిగించగలదు. చిక్కగా కలిపిన పూత కుకీ మీద పడగానే పల్చబడి లోపలికి ఇంకిపోవడం అందుకే. బటర్‌క్రీమ్ అయితే నేరుగా కరిగిపోతుంది. పైన చేతికి చల్లగా తగిలినా అడుగు వెచ్చగా ఉండొచ్చు. కుకీని తిప్పి, అడుగు మధ్యలో వేలు పెట్టి చూడటమే సరైన పరీక్ష. జాలీ మీద ఉంచితే అరగంట నుంచి ముప్పావు గంటలో చల్లారుతుంది. ట్రే మీదే వదిలేస్తే అడుగు నుంచి వచ్చే ఆవిరి కుకీలోకే తిరిగి చేరి మెత్తబరుస్తుంది.

కొందరు కావాలనే వేడి కుకీకి పల్చటి నిమ్మ పాకం రాసి ఇంకనిస్తారు, చల్లారాక పైన చిక్కటి పూత వేస్తారు. ఇది వేరే పద్ధతి. కుకీ కేకులా మెత్తగా ఉండాలనుకునేవాళ్లకు నప్పుతుంది, కరకరలాడే అంచు కావాలనుకుంటే మానేయాలి.

## మర్నాటికి ఏమవుతుంది

పూత వేసిన కుకీ నిలకడగా ఉండే వస్తువు కాదు. తడి ఎక్కువున్న పూత నుంచి పొడి కుకీలోకి నీరు మెల్లగా దిగుతూ ఉంటుంది. మొదటి రోజు కరకరలాడిన అంచు మర్నాటికి మెత్తబడుతుంది. పూత ఎంత పల్చనైతే ఈ మార్పు అంత వేగం. బాగా ఆరిన గ్లేజ్ కుకీలు మూత బిగిసే డబ్బాలో, పొరకూ పొరకూ మధ్య బటర్ పేపర్ వేసి ఉంచితే మూడు నాలుగు రోజులు బాగుంటాయి. ఆరకముందే డబ్బాలో పెట్టి మూత వేస్తే మాత్రం లోపల తేమ చిక్కుకుని పూత జిగటగానే మిగిలిపోతుంది. ముందుగా చేసి పెట్టుకోవాలంటే పూత వేయని కుకీలను ఫ్రీజర్‌లో దాచి, తినే రోజున గది వేడికి తెచ్చి, పైన తడి ఆరాక పూత వేసుకోవడమే నయం.

పైన అందానికి చల్లే తొక్క తురుము విషయంలో సమయం కీలకం. పూత పోసిన కొద్ది నిమిషాల్లోనే, పై పొర కట్టకముందే చల్లితే అతుక్కుంటుంది. తర్వాత చల్లితే రాలిపోతుంది. ముందే తురిమి గిన్నెలో ఉంచితే గాలి తగిలి నూనె ఎగిరిపోయి, రంగు మిగిలి వాసన పోతుంది. కుకీలు చల్లారి, పూత కలిపి సిద్ధంగా ఉన్నాక, ఒక కాయను అప్పటిదాకా తురమకుండా పక్కన ఉంచుకుని, పోసిన పూత మీదే నేరుగా తురిమితే ఆ తుంపర కూడా కుకీ మీదే పడుతుంది.